కార్డువెనుకటి చరిత్ర

సేకరణాభిలాష మనుష్యునకు సహజము. బాలురు గవ్వలను, గులకరాళ్లను ప్రోగుచేయుదురు. పెద్దలు నాణెములను, తాళపత్రములను, తపాలాబిళ్లలను కూర్చుకొందురు. ఈ అభిలాష వివేకముతో గూడినచో విద్య యగును; వివేకము లేనిచో పెట్టెను నింపుటయే యగును. ఒకవైపున చిత్రమును, వెనుకవైపున చారిత్రకవ్యాఖ్యయు ముద్రింపబడిన తపాలాకార్డులను సేకరించు నలవాటును గూర్చి యిచ్చట కొంత విచారింపదలచితిమి. ఇది స్వల్పవిషయమని చదువరులు తలపవచ్చును. కాని కార్డుముక్కమీది నాలుగు పంక్తులనుబట్టియే ఒక దేశపువారు వేరొక దేశమును గూర్చి తీర్పు చెప్పుకొనిన కాలమొకటి యుండెను. ఆ కార్డులు నేటికిని మన పాతపెట్టెలలో నున్నవి.

మొదట కార్డునకు చిత్రమే లేదు. 1869 అక్టోబరు 1వ తేదీన ఆస్ట్రియా-హంగెరీ ప్రభుత్వము తొలి తపాలాకార్డును వెలువరించెను. మరుసటి సంవత్సరము బ్రిటను దాని ననుసరించెను. మనదేశమున 1879 జూలై 1వ తేదీనుండి కానీ వెలకు కార్డు లభించెను. కవరు కొనజాలని పేదకును దూరమున నున్న బంధువుల క్షేమము తెలిసికొను మార్గ మేర్పడినది. బ్రిటనులో స్వంత ముద్రాపకులు చిత్రపుకార్డులను అచ్చువేసికొనుటకు 1894లో అనుమతి దొరకెను. అయినను ఒక యిబ్బంది మిగిలెను. కార్డునకు ఒకవైపు చిరునామాకు మాత్రమే ప్రత్యేకింపబడియుండుటచే, చెప్పవలసిన మాటను చిత్రముచుట్టు మిగిలిన ఖాళీలో ఇఱికించి వ్రాయవలసివచ్చెడిది. 1902లో బ్రిటిషు తపాలాశాఖ ఈ నిబంధనను సడలించి, ఆ వైపును నిలువుగా రెండుభాగములు చేసి, కుడివైపున చిరునామాను, ఎడమవైపున సందేశమును వ్రాయనిచ్చెను. ఫ్రాన్సు, జర్మనీ, అమెరికాలు కొలది సంవత్సరములలోనే ఈ పద్ధతిని గైకొనినవి. దానితో ముందువైపంతయు చిత్రమునకు దక్కెను. వెనుకవైపున అక్షరమునకు చోటు దొరకెను. ఆ చోటిలో కొంతభాగమును ముద్రాపకుడు తన వ్యాఖ్యకై తీసికొనెను.

ఈ వ్యాపారమున మిక్కిలి పేరువడిన సంస్థ లండనులోని రఫేల్ టక్ అండ్ సన్స్. 1866లో రఫేల్ టక్ దంపతులు చిత్రపటముల నమ్ము చిన్న దుకాణముగా దానిని ప్రారంభించిరి. 1900లో ఈ సంస్థవారు తమ కార్డులను అధికముగా కూడబెట్టినవారికి బహుమతులు ప్రకటింపగా, నార్విచ్ నగరపు వనిత యొకతె 20,364 కార్డులను చూపి ప్రథమబహుమానము నందెను. 1903లో వీరు ‘ఆయిలెట్’ అను పేర చిత్రకారుల వర్ణచిత్రములను, తైలపటముమీది కుంచెజాడలు తోచునట్లు, కార్డులుగా అచ్చువేయ నారంభించిరి. వెనుకవైపున, ఎడమభాగపు పైయంచున, ఆ దృశ్యమును గూర్చి చిన్నయక్షరములతో నాలుగైదు పంక్తుల వివరణ ముండెడిది. 1940 డిసెంబరు 29వ తేదీరాత్రి జర్మనుల బాంబులకు ఈ సంస్థ భవనము దగ్ధమై, మూలచిత్రములును, లెక్కపత్రములును నశించినవి. కావున నేడు ఆ చిత్రములను గూర్చి తెలిసికొనవలెనన్న ఇండ్లలో మిగిలిన కార్డులే పెద్ద ఆధారము. తుచ్ఛమని పాఱవేయదగినదే ఒక్కొక్కప్పుడు ఏకైకసాక్ష్య మగుచున్నది.

వ్యాఖ్యగల కార్డు చేసిన మేలును మేము కాదనము. చిత్రము కన్నులకు విందు చేయునేగాని, ఆ కోట ఎవ్వరిదో, ఆ గోపురము ఏ యూరిదో తానై చెప్పజాలదు. ప్రయాణము చేయుటకు ధనముగాని స్వాతంత్ర్యముగాని లేని స్త్రీకి ఆ నాలుగు పంక్తులే దేశాటన మయ్యెను. అయితే వ్యాఖ్య ఎవ్వరికొఱకు వ్రాయబడినదో గుర్తింపవలెను. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రాలయమును స్థాపించి దేవతామూర్తులను, పురాణనాయికలను ఇంటింటికి చేర్చెను. ఆయన చిత్రించిన హంసదమయంతిని చూచిన తెలుగుటిల్లాలికి వ్యాఖ్య యక్కఱలేదు. నలచరిత్ర ఆమెకు నోటనే యున్నది. వ్యాఖ్య కావలసినది తెలియనివారికి. మన దేశమును గూర్చి లండనులో అచ్చయిన వ్యాఖ్యలు మనకొఱకు వ్రాయబడినవి కావు. ఇచ్చట కొలువుచేయుచున్న దొర తన తల్లికో చెల్లెలికో పంపుటకై వ్రాయబడినవి. అందుచేతనే ఆకాలపు కార్డులలో చాకలి, ఆయా, నీళ్లు మోయు భిస్తీ, పాములవాడు అని వృత్తినామములే కాని, చిత్రమందలి మనుష్యునకు స్వంతపేరు సాధారణముగా కానరాదు. పేరు లేనివానికి చరిత్రయు లేదని చదువువాడు తనకు తెలియకయే నేర్చుకొనెను.

ఇటీవల మాకు తెలిసిన యొక కుటుంబమున తాతగారి పెట్టెలో ఇట్టి కార్డులకట్ట దొరకెను. పండ్రెండేండ్ల బాలిక అందులో నొకదానిని తీసి, రెక్కలుగల ఆ పాలరాతివనిత యే దేవతయని తండ్రి నడిగెను. అది కాన్పూరు స్మారకకూపపు చిత్రము. తండ్రి వెనుకటి వ్యాఖ్యను చదివి తెలుగున చెప్పెను. బాలిక కొంతసేపు ఊరకుండి, “ఆ తరువాత ఏమైంది, నాన్నగారూ?” అనెను. కార్డుమీద ఆ ప్రశ్నకు సమాధానము లేదు. చరిత్ర నడిగినవారందఱును మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న అదియే యని మాకు తోచినది.

జరిగినదేమి? 1857 జూలై 15వ తేదీన, నానాసాహేబు పక్షమువారి చెఱలోనున్న సుమారు 200 మంది ఆంగ్లస్త్రీలును, బిడ్డలును బీబీఘర్ అను గృహమున వధింపబడిరి. వారి దేహములను సమీపమందలి నూతిలో పడవైచిరి. ఇది సత్యము, ఘోరసత్యము. అంతకుముందు జూన్ మాసమునుండియే ఆంగ్లసేనలు అలహాబాదు ప్రాంతమున గ్రామములను తగులబెట్టి, అపరాధవిచారణ లేకయే జనులను చెట్లకు ఉరితీయుచుండుట మఱియొక సత్యము. తరువాత జనరల్ నీల్ కాన్పూరున ఉరితీయబడువారిచే ఆ గృహమందలి రక్తపుమఱకలను నాలుకతో నాకించుట మూడవ సత్యము. ఆ నూతిపై శిల్పి మారోచెట్టి మలచిన దేవదూతను నిలిపి, చుట్టును రాతికటాంజనము కట్టి, తోట వేసిరి. బహుకాలము ఆ తోటలోనికి అనుమతిపత్రము లేనిదే భారతీయులకు ప్రవేశము లేకుండెను. 1947లో స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దేవదూతను అక్కడినుండి తీసి, ఆ నగరమందలి స్మారకక్రైస్తవాలయపు ఆవరణమునకు చేర్చిరి. తోటకు నానారావు పార్కని పేరిడి, తాంతియాతోపే ప్రతిమను నిలిపిరి. ఇంత కథలో కార్డుమీదికి ఎక్కినది ఒక్కరోజు మాత్రమే.

కొందఱు మిత్రులు ఇట్టి కార్డులను తగులబెట్టవలె నందురు. మే మందుకు సమ్మతింపము. కాల్చివేసినచో ఆ యసంపూర్ణవ్యాఖ్య నశించును గాని దానిని నమ్మినవారి కాలము మనకు తెలియకుండ పోవును. మఱికొందఱు ఆ వ్యాఖ్యను కొట్టివైచి, మన పక్షపు కథను మాత్రమే దానిచోట వ్రాయవలె నందురు. ఇదియు సరికాదు. బీబీఘరులో చచ్చిన పసిబిడ్డలను మన వ్యాఖ్యనుండి తొలగించినచో, మనము దూషించిన దోషమునే మనము చేసినవార మగుదుము. సగమునకు విరుగుడు వేఱొక సగము కాదు, సమగ్రమే విరుగుడు.

మన యింటి యుదాహరణమునే తీసికొందము. బ్రిటిషు మ్యూజియములో నున్న అమరావతి స్తూపపు శిల్పఫలకపు చిత్రము గల కార్డు మీ చేతికి వచ్చినదనుకొనుడు. దానివెనుక మీరేమి వ్రాయుదురు? 1859లో ఆ రాళ్లు ఓడలపై లండనుకు తరలిపోయిన వనియు, అచ్చట కొంతకాలము బండ్లశాలలో పడియుండిన వనియు, 1880లో మ్యూజియమునకు చేరిన వనియు వ్రాయవలెను. మన సొత్తు మనకు దూరమైనదన్న బాధ న్యాయమైనదే. కాని ఆ వ్యాఖ్య అక్కడితో ముగియరాదు. పదునెనిమిదవ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి కాలమున క్రొత్తపట్టణపు నిర్మాణమునకై ఆ దిబ్బను త్రవ్వి రాళ్లు తీసికొనిరనియు, కొన్నింటిని సున్నముగా కాల్చిరనియు వ్రాయవలెను. 1798లో ఆ స్థలమును చూచిన కాలిన్ మెకంజీ, 1816 తరువాత తన చిత్రకారులచే వ్రాయించిన పటములవలననే నశించిన అనేకశిలల రూపము మనకు తెలియుచున్నదనియు, 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన రాళ్లే పిదప సముద్రము దాటినవనియు చేర్చవలెను. రక్షించినవారును, కొనిపోయినవారును ఒక్కరే. వారసులును, పాడుచేసినవారును ఒక్కరే. ఇట్లు వ్రాయుట కష్టము. కాని ఇట్లు వ్రాసినదే చరిత్ర.

కావున గృహిణులకును, ఉపాధ్యాయులకును మా మనవి యిది. బిడ్డలు కార్డులను సేకరింతురేని వారింపకుడు. తపాలాబిళ్లకై మూలను కత్తిరింపనీయకుడు. ముద్రలోని తేదీయే ఆ కార్డునకు జాతకము. దానిపై సిరాతో నేమియు వ్రాయక, వేఱొక కాగితముమీద మూడు ప్రశ్నలకు ఉత్తరములు వ్రాయించి దానితో జతపఱుపుడు: ఈ వ్యాఖ్య నెవరు వ్రాసిరి? ఎవ్వరికై వ్రాసిరి? దీనికి ముందును వెనుకను జరిగినదేమి? మూడవదానికి ఉత్తరము వెదకుచు బిడ్డ గ్రంథాలయమునకు పోవును. పోయి పెద్దపుస్తకమును తెఱచును. కార్డు చేయదగిన గొప్పయుపకారము అదియే.

ఆ బాలికకు తండ్రి మఱునాడు గ్రంథాలయమునుండి పుస్తకము తెచ్చి యిచ్చెనని వింటిమి. ఆమె వ్రాసిన వ్యాఖ్య రెండుపుటలు నిండినదట. అందులో నూతిలో పడిన బిడ్డలును ఉన్నారు. చెట్లకు వ్రేలాడిన పల్లెజనులును ఉన్నారు. అన్నిదేశముల పాఠ్యపుస్తకములును ఆపాటి న్యాయము పాటించిన బాగుండును.