గుమ్మికి అర్ర, బట్టలకు దండెం

పండుగ ముందట ఇల్లు సర్దుడు మొదలైందంటే ప్రతి ఇంట్ల ఒకటే మాట వినపడుతది: "బీరువా సాలుతలేదు." గోదావరిఖని, రామగుండం చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట పుట్టి ఎక్కువ కాలం కాలేదు. మన తాతల కాలంలో ఎవరూ ఇట్లా అనలేదు. ఎందుకు అనలేదు, ఎప్పటి నుంచి అంటున్నం అని వెనక్కి పోయి చూస్తే మన బొగ్గు బెల్టు చరిత్ర చానా వరకు అందులోనే దొరుకుతది. జర పొడుగు పోస్టు, తీరికగా చదువుండ్రి.

పాత మట్టి ఇల్లు యాది చేసుకోండి. ఆ ఇంట్ల మంచి జాగంతా గింజలదే. వెదురు బద్దలతో అల్లి, పేడా మట్టీ కలిపి మెత్తిన గుమ్మి ఒక అర్రనంతా పట్టుకునేది. జొన్నలకు పాతర: గొయ్యి తవ్వి, అడుగున గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టి కప్పుడు. పప్పులు, విత్తనాలు కుండల్లో, గూనల్లో. పురుగు పట్టకుండ పైన బూడిద, వేపాకు. ఇంత ఏర్పాటు ఉన్న ఇంట్ల బట్టలకు దక్కింది ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన ఒక దండెం, తలుపు పక్కన రెండు చిలుకకొయ్యలు.

ఇంటిల్లిపాది బట్టలు ఆ దండెం మీదనే. మొగాయనకు రెండు ధోతులు, ఒక అంగి, తలకు రుమాల, చలికీ వానకీ గొంగడి. ఆడామెకు కట్టుకున్నదొకటి, ఉతికి ఆరేసిందొకటి. సందుగ ఉన్న ఇండ్లు తక్కువ. ఉన్నా అందులో ముందు పోయేది వెండి కడియాలు, భూమి కాగితాలు; పెండ్లిల పెట్టిన చీరె ఒకటుంటే అది వాటి అడుగున. పేదరికం అని ఒక్క మాటల తేల్చేసేటోళ్లున్నరు. పేదరికం నిజమే. కానీ దానికి తోడు ఇంకో లెక్క కూడా ఉండె. ఏడాది తిండి ఒక్కసారే ఇంటికొస్తది. ఎలుక, పురుగు, తేమ నుంచి దాన్ని మళ్లీ పంట దాకా కాపాడాలె. బట్ట అట్ల కాదు. ఒంటి మీదనో తాడు మీదనో ఉంటది, దాచేటంత మిగలదు.

ఈ లెక్కను తిరగేసింది బొగ్గు. ఇల్లందు దిక్కు బొగ్గు జాడ 1871లోనే దొరికింది, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడ్డది. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు పట్టాలు 1929 నాటికి కలిసినయి. మన గోదావరి ఒడ్డున మాత్రం గనుల పని 1960లలో జోరందుకున్నది. చుట్టుపక్కల జిల్లాల నుంచి మొగపిల్లలు పనికొచ్చిండ్రు. వచ్చినోళ్ల చేతుల ఒక రేకు పెట్టె. మనం ట్రంకు పెట్టె అంటం చూడండి, అదే. మంచం కింద తోసి తాళం వేసేది.

ఆ తాళం దగ్గర ఒక్క నిమిషం ఆగాలె. ఊర్లె దండేనికి తాళం లేదు. నీ అంగి ఏదో, నా అంగి ఏదో ఊరంతటికీ తెలుసు. గుడిసెల్ల ముక్కు మొహం తెలియని నలుగురైదుగురు కలిసి ఉండబట్టే బట్టలకు తాళం అవసరమైంది. ఇంకో సంగతి, జీతం నెలనెలా వస్తది, బియ్యం నెలనెలా దుకాణంల దొరుకుతయి. ఏడాది గింజ దాచుకునే పని పోయింది. గుమ్మి జాగల ఒక రేకు డబ్బా సరిపోయింది. మిగిలిన జాగా, మిగిలిన పైసలు కొంత బట్టలకు పోయినయి. లక్ష్మీనగర్ల బట్టల దుకాణాలు ఆ జీతాల మీద పెరిగినయే. ఇప్పటికీ దసరా ముందు లాభాల వాటా పడ్డ వారం అటు పోయి చూడండి, కాలు పెట్ట సందుండదు.

బాయి పనికి పోయేటోని ఇంట్ల ఇంకో చిక్కు. రెండు రకాల బట్టలు, అవి కలవొద్దు. బాయి నుంచి వచ్చిన అంగి, లాగు ఇంట్ల దండెం మీద ఏస్తే పక్కన ఉన్న పసిపిల్ల బట్ట కూడా నల్లగైతది. అందుకే చానా ఇండ్లల్ల బాయి బట్టలకు బయట వేరే మేకు, ఉతకడానికి వేరే బండ. ఇది మన ఒక్కరి బాధ కాదు. జర్మనీ గనుల్లో గొలుసుకు కొక్కెం తగిలించి, బట్టలు దానికి వేలాడదీసి, పైకప్పు దాకా లాగి గొలుసుకు తాళం వేసేటోళ్లు. పైన వేడి గాలికి తడి బట్టలు ఆరేవి. అదీ ఒక దండెమే, నిలువు దండెం. ఇంగ్లండుల 1926 చట్టంతో బొగ్గు రాయల్టీల మీద సుంకం వేసి స్నానాల గదులు కట్టించిండ్రు. మురికి బట్టల లాకర్లు ఒక దిక్కు, శుభ్రమైన బట్టల లాకర్లు ఇంకో దిక్కు, నడుమ స్నానం. మన 1952 గనుల చట్టంల కూడా బొగ్గు గనుల దగ్గర షవర్లు, లాకరు గదులు పెట్టించేందుకు రూల్స్ చేయవచ్చని రాసి ఉండె. అంటే బట్టలు ఎక్కడ పెట్టుకోవాలె అనేది దేశం చట్టంలకెక్కిన సంగతి. మనమేమో దాన్ని ఆడోళ్ల ఇంటిపని కింద జమ కట్టి ఊకున్నం. బాయి బట్టలు ఉతికిన చేతులను ఎవరూ లెక్కల రాయలేదు.

బీరువా వచ్చింది ఈ దుమ్ము మధ్యలకే. గోద్రెజ్ వాళ్లు ఇనుప బీరువాలు చేసుడు 1923 నుంచే మొదలుపెట్టిండ్రు కానీ, మన దిక్కు మామూలు ఇండ్లల్లకు అది చానా ఆలస్యంగా, కట్నం సామాను కింద వచ్చింది. అద్దం ఉన్న బీరువా, మంచం, పరుపు. ఊర్లల్ల వెల్డింగు దుకాణాలు సొంతంగా చేసుడు మొదలైనంక ధర దిగింది. తలుపు గట్టిగా పడితే బొగ్గు దుమ్ము, కరెంటు ఫ్యాక్టరీ బూడిద కొంతన్నా ఆగుతది. లోపల లాకరుంటది. దాంతోటి పాత సందుగ పని కూడా బీరువాకే పోయింది: చీరెల మడతల నడుమ పట్టాదారు పాసుపుస్తకం, సర్వీసు కాగితాలు, బంగారం. మూలకు డాంబర్ గోలీలు. వాటికా పేరు ఊకనే రాలేదు, నాఫ్తలీన్ తీసేది బొగ్గు తారు నుంచే. మన సింగరేణి బొగ్గు కోక్ చేసే రకం కాదు గనుక మన బొగ్గు నుంచి కాదు, అది వేరే ముచ్చట. పసిపిల్లల బట్టల్ల మాత్రం ఆ గోలీలు పెట్టొద్దు, డాక్టర్లు చెప్పే మాట ఇది. మన పాత వేపాకు నయం.

మరి బీరువా ఎందుకు సాలుతలేదు? బట్టలు ఎక్కువ కొంటున్నమని అందరూ అంటరు. అది సగమే. ఇంతకుముందు బట్ట ఇంట్లకు ఎంత వచ్చినా పోయే తొవ్వ ఉండె. నూలు చీరె పాతబడితే పిల్లకు పరికిణి, తర్వాత పసిపిల్ల పొత్తిగుడ్డ, ఉయ్యాల. నాలుగైదు కలిపి కుడితే బొంత. అదీ చినిగితే కుండ దించే మసిగుడ్డ, ఆఖరికి పొయ్యిల. ఏదీ మూట కట్టి పెట్టే అవసరం రాలేదు. తర్వాత స్టీలు సామాన్లామె గంప నెత్తిన పెట్టుకొని వచ్చింది. నాలుగు చీరెలు, రెండు ప్యాంట్లు ఇస్తే ఒక గిన్నె. బేరం అరగంట. ఆ గంప కూడా ఇప్పుడు తక్కువైంది.

పాలిస్టరు వచ్చి ఆ తొవ్వను ఇంకా మూసింది. అది నీళ్లు పీల్చదు, మసిగుడ్డకు పనికిరాదు. వేడి గిన్నె పట్టుకుంటే చేతికి కరిగి అంటుకుంటది. బొంత కుడితే ఎండకాలం ఒళ్లంత ఉక్క. 2017 నుంచి కొన్నేండ్లు సర్కారు బతుకమ్మ చీరెలు పంచింది, సిరిసిల్ల మరమగ్గాల పాలిస్టరు. నేతన్నకు పని దొరికింది, అది మంచిదే, నేను కాదనను. కానీ కట్టని చీరెలు బీరువా అడుగు అరల అట్లనే మడతల ఉన్న ఇండ్లు మీకూ తెలుసు.

ఆ చీరెలకు కొత్త పని కనిపెట్టింది రైతులే. మక్క చేను చుట్టూ, పల్లి చేను చుట్టూ గుంజలు పాతి రంగురంగుల చీరెలు కడుతున్నం. అడవి పందులు బెదురుతయని. కొన్నాళ్లు బెదురుతయి, తర్వాత అలవాటు పడుతయి, అది నిజం. అయినా ఎవరింటికి పోయి పాత చీరెలడిగినా మూటలకు మూటలు ఇస్తరు.

ఎక్కువ మూటలు క్వార్టర్ల నుంచే. 1990ల మొదట్ల సింగరేణిల లక్షకు పైన కార్మికులుండె, ఇప్పుడు నలభై వేల చుట్టే. రిటైరైనంక క్వార్టరు కంపెనీకి అప్పజెప్పాలె. ముప్ఫై ఏండ్ల సంసారం ట్రాలీల ఎక్కించే రోజు బీరువా ఒక్కటే తెరుచుకోదు, మనుషులు కూడా తెరుచుకుంటరు. ఏది పెట్టుకోవాలె, ఏది ఇయ్యాలె అని అమ్మ, కొడుకు, కోడలు ముగ్గురికీ మూడు లెక్కలు. ఓపెన్ కాస్టు కింద ఊర్లు లేచిపోయినప్పుడూ ఇదే కత, కాకపోతే అక్కడ ఇల్లు కూడా వెనక మిగలదు. ఆ రోజు గాయిగాయిల చీరెల మడత విప్పకుండా మూట ఇచ్చి, అందులున్న పాసుపుస్తకం కోసం తర్వాత ఊరంతా తిరిగినోళ్లున్నరు. ఇల్లు మారేటోళ్లు ముందు కాగితాలన్ని ఒక రేకు డబ్బాల పెట్టి, దాన్ని చేతిల పట్టుకొని పొండ్రి. నూలు బట్ట వేరే తీయుండ్రి, బొంతలు కుట్టేటోళ్లు ఊర్లల్ల ఇంకా ఉన్నరు. బాగున్న బట్ట కట్టుకునేటోళ్లకు ఉతికి ఇయ్యుండ్రి. పాలిస్టరు మాకియ్యుండ్రి.

రైతులకూ ఒక మాట. కంచెకు కట్టిన చీరెలు పంట కోయంగనే విప్పాలె. రెండు ఎండకాలాలు అట్లనే ఉంటే పోగులు పోగులై నేలల కలుస్తయి, దున్నేటప్పుడు రోటవేటరు పళ్లకు చుట్టుకొని అరపూట కొడవలితో కోసుకుంట కూసోవాలె. గొడ్లు నమిలితే ఇంకా కష్టం. విప్పి, దులిపి, చుట్ట చుట్టి వచ్చే పంటకు దాచుకోవచ్చు. మా దిక్కు కొందరు ఏండ్ల సంది ఖాళీగ ఉన్న పాత గుమ్మిలనే దాస్తున్నరు.