దృశ్యములను మూటగట్టిన విద్య

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించు రైతునకు మూటగట్టుట యనిన నేమో యొకరు చెప్పవలసిన పనిలేదు. చేనిలో తీసిన ప్రత్తి బండినిండ నుండును. తూచిన బరువు స్వల్పము. అది మిల్లు చేరిన పిమ్మట రెండు పనులు జరుగును. మొదట గింజను వేఱుచేయుదురు. తూకములో సుమారు మూడింట రెండు వంతులు గింజయే. పిదప మిగిలిన దూదిని మరలో నదిమి బేలుగా కట్టుదురు. అదిమిన దూది, కట్టు విప్పినచో మరల విచ్చుకొనును. వేఱైన గింజ మాత్రము మరల దూదిని చేరదు. చేతిఫోనులో మనము చూచు చలనదృశ్యములును ఇట్టి రెండు పనులు జరిగిన పిమ్మటనే మన యూరు చేరుచున్నవి. ఆ విద్య యెట్లు పుట్టినదో, అందు విడిచిన దేదో, మిగిల్చిన దేదో తెలిసికొనుట మనకు ప్రయోజనకరము.

తెరమీది బొమ్మ చుక్కల ముగ్గు వంటిది. పాతతరహా టెలివిజను పెట్టెకు తగిన బొమ్మలో అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలుండును, వెరసి 4,14,720. ఒక్కొక్క చుక్క రంగును సున్నలు, ఒకట్లు కలిసిన 24 అంకెలతో వ్రాసి, సెకనునకు 25 బొమ్మలు పంపవలెనన్నచో సెకనునకు సుమారు 25 కోట్ల అంకెలగును. డి.వి.డి. పళ్ళెములలో దీనిని సాధారణముగా 50 లక్షల ప్రాంతమునకు తగ్గించిరి. అనగా ఏబదింట ఒక వంతు మాత్రమే మిగిలినది. అయినను చూచువారికి లోటు తోచలేదు.

ఈ కుదింపునకు మూలమైన గణితపద్ధతి 1974 జనవరిలో అమెరికాలోని ఒక శాస్త్రపత్రికలో వెలువడినది. వ్రాసినవారు నాసిర్ అహమ్మదు, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను మువ్వురు. అహమ్మదుగారు బెంగుళూరున జన్మించి, కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులైనవారు. ఈ పరిశోధనకై 1972లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను ధనసహాయ మడిగిరి, అది లభింపలేదు. అయినను పని విడువలేదు. మూడవవారైన కామిశెట్టి రామమోహనరావుగారి యింటిపేరు మన తెలుగునాట వినబడునదే. ఆయన 1952లో మదరాసు విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు పట్టము పొంది, పిదప అమెరికాకేగి, 1966 మొదలు టెక్సాస్ రాష్ట్రమున ఆర్లింగ్టన్ నందలి విశ్వవిద్యాలయమున పనిచేసి, 2021లో కాలధర్మము నొందిరి.

ఆ వ్యాసము వెలువడిన మఱుసటి యేడే, 1975 ఆగస్టులో, ఉపగ్రహముద్వారా గ్రామములకు దృశ్యములు పంపు ప్రయోగము మన దేశమున మొదలై యేడాది నడచెను. ఆంధ్రప్రదేశముతో కూడ ఆఱు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములందు తీగజాలీతో చేసిన పదియడుగుల గొడుగులు నిలిపి, వ్యవసాయాది విషయములు చూపిరి. నాడు దృశ్యము అంకెలుగా మాఱక తరంగరూపముననే వచ్చెడిది. అంత పెద్ద ప్రయోగమునకును ఒక్క దృశ్యమార్గమే యుండెను. నేడు ఒక్క గొడుగు వందలకొలది ప్రసారముల నందుకొనుచున్న దన్న, అది చాలవఱకు కుదింపు మహిమయే.

ఆ పద్ధతిని ఇట్లు గ్రహింపవచ్చును. బొమ్మను అడ్డమునకు ఎనిమిది, నిలువునకు ఎనిమిది చుక్కలుగల గడులుగా విభజింతురు. ఒక్కొక్క గడిలోని 64 విలువలకు బదులు వేఱు 64 విలువలు కట్టుదురు. అందు మొదటిది గడియంతటి సగటు వెలుగును తెలుపును. తరువాతివి క్రమముగా సన్నని మార్పులను తెలుపును. మబ్బులేని ఆకాశమునందు, సున్నము కొట్టిన గోడయందు సన్నని మార్పు లుండవు గావున చివరి విలువలు సున్నకు దగ్గఱగా నుండును. ఇంతవఱకు జరిగినది దూదిని అదుముట వంటిది; విప్పిన మరల వచ్చును. ఆ చిన్న విలువలను సున్నలుగా నెంచి విడుచుటతో గింజ వేఱైనది. కన్ను వెలుగునీడలను పట్టినంత సూక్ష్మముగా రంగులను పట్టదు గావున, నాలుగు చుక్కలకు ఒక్క రంగే వ్రాయుట రెండవ యుపాయము. ముందుబొమ్మకంటె మాఱినదానిని మాత్రమే పంపుట మూడవది. మాటలాడువాని వెనుకనున్న గోడ కదలదు గదా, దానిని సెకనునకు 25 మార్లు పంపనేల?

ఈ యుపాయములపై 1988లో దూరముననున్నవారు ఒకరినొకరు చూచి మాటలాడుటకును, 1993లో సినిమా పళ్ళెములకును నియమము లేర్పడెను. వి.సి.డి. యను ఆ పళ్ళెములు రెండు మూడింటిలో తెలుగు సినిమా యొకటి మన యూళ్ళకు వచ్చెడిది. అందలి బొమ్మ 352 కి 288 చుక్కలు మాత్రమే. చిన్న పెట్టెలో ముచ్చటగొలుపు నాబొమ్మయే పెద్ద తెరపై గడులుగడులుగా విడిపోయెడిది. 2003లోను, 2013లోను ఇంకను మేలైన నియమములు వచ్చెను. రెండవది మొదటిదానిలో సుమారు సగము అంకెలతోనే అంతటి నాణ్యతను చూపగలదు. నేడు ఒకే దృశ్యమును చిన్నవి, పెద్దవి పలు మూటలుగా ముందే కట్టియుంచి, ఫోనునకు చిన్నదానిని, గోడంత తెరకు పెద్దదానిని, దారి యిఱుకైనపుడు మఱింత చిన్నదానిని పంపుచున్నారు.

ఇందు మనము మఱువరాని సంగతి యొకటి కలదు. ఏది విడువదగినదో నిర్ణయించుటకు కొలబద్దగా తీసికొన్నది వేడుకగా చూచువాని కన్ను. రైతు చూపు వేఱు. 2021–22లో మన మిరపతోటలను నల్ల తామరపురుగు పీడించినది. పూవులలో చేరు ఆ పురుగు నిడివి మిల్లీమీటరు ప్రాంతము. దూరమునుండి తీసిన దృశ్యములో అది కొన్ని చుక్కలకు మించదు. కుదింపు విడిచిపెట్టునట్టి సన్నని మార్పు అదియే. ఫోనులో సందేశముగా పంపినపుడు దృశ్యము మరల కుదింపబడుచుండును. పూవు తెల్లగా, ఆకు పచ్చగా, చూడముచ్చటగానే యుండును. పురుగు మాత్రము మాయమగును. అది చూచిన నిపుణుడు తెగులు లేదన్నచో ఆయనను తప్పుపట్టరాదు. ఆ మాట నమ్మి ఊరకున్నవాని తోట మాత్రము దక్కదు.

కావున లాం పరిశోధనా క్షేత్రమునకుగాని, వ్యవసాయాధికారికిగాని చేని సంగతి చూపదలచినవారు పూవును విప్పి, మంచి వెలుతురులో, చేయి కదలకుండ, దగ్గఱగా తీయవలెను. దానిని మామూలు బొమ్మగా గాక డాక్యుమెంటుగా పంపినచో చాలవఱకు ఉన్నదున్నట్లు చేరును. ఈ పని చేయుట యెట్లో ఇంటిలోని పిల్లల నడిగిన చెప్పుదురు. అప్పటికిని సందేహము తీరనిచో కొమ్మను త్రుంచి సంచిలో వేసికొని పోవుటయే మేలు. దేశవాళీ విత్తనముల నాళ్ళలో మేలైన ప్రత్తిని మిల్లునకు తోలక విత్తనమునకై వేఱుగా నుంచుకొనెడివారు. అట్లే, మొదట తీసిన దృశ్యమును పంట యింటికి వచ్చువఱకు ఫోనులో చెఱిపివేయక దాచుకొనుట మంచిది.