వ్యావహారికోద్యమం నుంచి వరద గుర్తు దాకా: భద్రాచలం అటవీ సరిహద్దున కథాబోధన

ప్రవేశిక

ఆధునిక తెలుగు కథ, డిస్టోపియా నవల రెండూ ఉన్నత పాఠశాల విద్యార్థి ముందు ఒకే ప్రశ్న ఉంచుతాయి: అధికారం మాట్లాడే భాష ఏది, మనుషులు మాట్లాడుకొనే భాష ఏది? ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దున ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది. దానిని విస్మరించిన కథాబోధన అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మారిన పాలనలు, మారని గుమ్మం

ఖమ్మం ప్రాంతం 1948 వరకు నిజాం రాజ్యంలో ఉండేది. ఉన్నత విద్యకు ఉర్దూ మాధ్యమం కాగా, తెలుగు చదువు గ్రంథాలయోద్యమం, ఆంధ్ర మహాసభల అండతో నిలిచింది. 1945లో మహాసభ ఖమ్మంలోనే జరిగింది. భద్రాచలం తాలూకా 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది.

ఇన్ని మార్పుల మధ్య కోయ పిల్లల ఇంటి భాష మాత్రం బడి గుమ్మం వద్దే ఆగిపోతూ వచ్చింది. 2004లో ఉమ్మడి రాష్ట్రం ప్రారంభించిన మాతృభాషాధారిత విద్యా కార్యక్రమంలో కోయ భాషకు చోటు దక్కినా, అది ప్రాథమిక తరగతులకు ఉద్దేశించినది. కథను సాహిత్యంగా చదివే ఉన్నత పాఠశాల దశకు ఆ ఆసరా అందదు.

కథ వెనుక ఉన్న ఉద్యమం

గురజాడ 'దిద్దుబాటు' 1910లో వెలువడింది. తరగతిలో దీనిని భర్త దారి తప్పడం, భార్య దిద్దడం అనే నీతిగా కుదించడం సులభం. అయితే వాడుక మాటకు సాహిత్య గౌరవం కోరిన ఉద్యమం ఈ కథకు నేపథ్యం. ఆ ఉద్యమానికి నాయకుడైన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలో బడులు నడిపినవాడు. వ్యావహారిక తెలుగుకూ ఆదివాసి మాతృభాషకూ ఆయన దృష్టిలో న్యాయం ఒక్కటే. ఈ సంబంధాన్ని వివరిస్తే 'దిద్దుబాటు' కోయ విద్యార్థికి పరాయి ఊరి కథగా మిగలదు.

డిస్టోపియా: భాష, చదువు, అధికారం

జార్జ్ ఆర్వెల్ 1949లో ప్రచురించిన '1984' నవలలో ప్రభుత్వం నిఘంటువులోని పదాలను ఏటికేడు తగ్గిస్తుంది. పదం లేనిచోట ఆలోచన పుట్టదన్నది దాని వ్యూహం. 'యానిమల్ ఫామ్'లో గోడ మీది శాసనాలు రహస్యంగా మారుతుంటాయి. చదవడం సరిగా రాని జంతువులు ఇతరులు చెప్పినదే నమ్మవలసి వస్తుంది. మొదటిది భాషా నష్టాన్ని, రెండవది అక్షరాస్యత విలువను బోధిస్తుంది. బడిలో కోయ భాష లేకపోవడం ఆర్వెల్ చూపిన కుట్ర వంటిది కాదు, నిర్లక్ష్య ఫలితం. ఉద్దేశాలు వేరైనా పిల్లవాడు కోల్పోయేది మాటనే. ఈ భేదాన్ని చర్చకు పెట్టడమే మంచి బోధన.

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. నియమాలతో కట్టుకొన్న జీవితం ఒక్క రాత్రి తుఫానులో ఎలా కదిలిపోతుందో ఈ కథ చూపుతుంది. భద్రాచలం విద్యార్థికి 43, 48, 53 అడుగులన్నవి వరద హెచ్చరికల స్థాయులు. అక్కడ గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు చేరింది. ఈ అనుభవం తరగతిలోకి వస్తే కథ కంఠస్థ పాఠంగా ఉండదు.

ముగింపు

స్థానిక జీవితాన్ని డిస్టోపియా పక్కన ఉంచితే పిల్లలు తమను తాము నిస్సహాయులుగా భావించే ప్రమాదం ఉందన్న అభ్యంతరం విలువైనదే. అందువల్ల బోధనాక్రమం ముఖ్యం. ముందు కథ ద్వారా మనిషిని, తరువాత డిస్టోపియా ద్వారా వ్యవస్థను పరిచయం చేయాలి. కథలోని మనిషి మారగలడని గ్రహించిన విద్యార్థి, డిస్టోపియాను తలరాతగా కాక హెచ్చరికగా చదువుతాడు. తరగతి చర్చలో కోయ మాటకు చోటివ్వడం ఈ బోధనకు తొలి మెట్టు. గిడుగు సవర బడులు చూపిన దారి అదే.