పరీక్షల భయం, పరీక్ష రాసే మెళకువలు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల విద్యార్థులు

పరీక్షల భయం అంటే పరీక్షకు ముందుగానీ, రాస్తున్నప్పుడుగానీ విద్యార్థిని పట్టుకునే ఆందోళన. గుండె దడ, చేతుల చెమట, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, చదివింది పేపరు చూడగానే గుర్తుకు రాకపోవడం దీని లక్షణాలు. పిల్లలు దీన్ని గాబరా అంటారు, గుబులు అంటారు. ఇది తెలివితక్కువతనం కాదు, జబ్బు అంతకన్నా కాదు. సాధనతో అదుపులోకి వచ్చే స్థితి.

నేపథ్యం

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం గద్వాల జిల్లా ప్రాంతంలో అక్షరాస్యత 49.87 శాతం, తెలంగాణలో ఇదే అత్యల్పం. అంటే ఇక్కడ పదో తరగతి రాస్తున్న ఎందరో పిల్లలు తమ ఇంట్లో హాల్‌టికెట్ అందుకున్న మొదటి మనుషులు. పేపరు ఎలా ఉంటుందో, ఫెయిలైతే ఏం చేయాలో చెప్పడానికి ఇంట్లో అనుభవం ఉన్నవారు ఉండరు.

బతుకుదెరువు కూడా చదువును తాకుతుంది. భవన నిర్మాణ పనులకు తల్లిదండ్రులు హైదరాబాద్, ముంబయి, పుణె వలస వెళ్తే పిల్లలు అవ్వాతాతల దగ్గరో హాస్టల్‌లోనో ఉండిపోతారు. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనోత్పత్తి పెద్ద పంట. పూతకాలంలో పూలకు చేతితో పరాగసంపర్కం చేసే క్రాసింగ్ పనికి కూలీలు ఎక్కువమంది కావాలి. ఆ రోజుల్లో బడి మానేసిన పిల్లలు కోల్పోయిన పాఠాలు ఫిబ్రవరి, మార్చిలో భయంగా తిరిగొస్తాయి. అమ్రాబాద్, అచ్చంపేట వైపు నల్లమల అడవిలోని చెంచు పెంటల (గూడేల) పిల్లలకు చదువంటేనే ఇల్లు విడిచి ఆశ్రమ పాఠశాలలో ఉండటం.

రెండు రకాల భయం

ఈ భయాన్ని రెండుగా విడదీసి చూడాలి. మొదటిది పాఠం రాకపోవడం వల్ల పుట్టేది. దీనికి ఊరడింపు చాలదు. పోయిన పాఠాన్ని మళ్లీ చెప్పాలి. రెండోది బాగా చదివినా వచ్చేది. దీనికి శరీరాన్ని, ఆలోచనను శాంతపరిచే సాధన కావాలి. మొదటిరకం విద్యార్థికి ధైర్యవచనాలు, రెండోరకం విద్యార్థికి మరో రెండు గంటల స్టడీ అవర్ ఇస్తే ఇద్దరికీ నష్టమే.

మనస్తత్వవేత్తలు రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ 1908లో ఎలుకలపై చేసిన ప్రయోగాల నుంచి ఒక సూత్రం వాడుకలోకి వచ్చింది: కొంత ఉద్వేగం పనికి ఊతమిస్తుంది, అది హద్దు మీరితే, ముఖ్యంగా కష్టమైన పనిలో, సామర్థ్యం పడిపోతుంది. పరీక్షల ఆందోళనపై జార్జ్ మాండ్లర్, సేమూర్ సారసన్ 1952లో చేసిన పరిశోధన ఈ రంగానికి పునాది వేసింది. తర్వాతి పరిశోధకులు దీనిలో రెండు పాయలు చూపారు: ‘ఏమైపోతానో’ అనే చింత, గుండెదడ వంటి శారీరక ఉద్వేగం. మార్కులను ఎక్కువగా దెబ్బతీసేది చింతే. లెక్క చేయడానికి కావలసిన తాత్కాలిక జ్ఞాపకాన్ని అదే ఆక్రమిస్తుంది.

సన్నద్ధత

చదివింది వేగంగా మరచిపోతామనీ, విరామాలతో మళ్లీ చదివితే నిలుస్తుందనీ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే చూపాడు. పాఠాన్ని పదేపదే చదివినవారి కన్నా, పుస్తకం మూసి తమను తాము పరీక్షించుకున్నవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుందని పరిశోధకులు రోడిగర్, కార్పికె 2006లో నిరూపించారు. బడిలో పెట్టే స్లిప్ టెస్టు, ప్రీ-ఫైనల్ విలువ ఇదే. వాటిని మార్కుల కోసం కాక, రాని చోటును పట్టుకోవడానికి వాడుకోవాలి.

ప్రభుత్వ పాఠశాలల్లో పదో తరగతికి బడి వేళల తర్వాత ప్రత్యేక తరగతులు నడుస్తాయి. 2025లో ఫిబ్రవరి 1 నుంచి వీటికి హాజరయ్యే పిల్లలకు సాయంత్రం అల్పాహారం ఇచ్చారు. మధ్యాహ్నం ఎప్పుడో తిన్న పిల్లవాడు సాయంత్రం ఆకలితో కూర్చుంటే లెక్క తలకెక్కదు. ఆ అల్పాహారంలోని ఉడికించిన పెసలు కూడా చదువులో భాగమే.

పరీక్ష గదిలో

పదో తరగతి పరీక్షల్లో గతంలో 11గా ఉన్న పేపర్లను 2022లో 6కు తగ్గించారు. గణితం పేపరు 80 మార్కులకు, 3 గంటలు. పార్ట్-ఏకు 60 మార్కులు, పార్ట్-బి బిట్లకు 20. బిట్లకు చివరి అరగంట పోతే మిగిలేది 150 నిమిషాలు. ప్రశ్నలు చదవడానికి 10 నిమిషాలు, సరిచూసుకోవడానికి 10 నిమిషాలు తీస్తే 130 నిమిషాలు ఉంటాయి. అంటే మార్కుకు రెండు నిమిషాల పైచిలుకు. 6 మార్కుల లెక్కకు 13 నిమిషాలు. అది 20 నిమిషాలైనా తేలకపోతే, ఖాళీ వదిలి ముందుకు వెళ్లాలి. ఈ లెక్క ఇంట్లోనే వేసుకున్న విద్యార్థికి గదిలో గడియారం శత్రువుగా కనిపించదు.

మొదట బాగా వచ్చిన ప్రశ్న రాయాలి. ఒక జవాబు పూర్తయ్యేసరికి ఊపిరి కుదుటపడుతుంది, మిగిలినవి గుర్తుకొస్తాయి. ప్రశ్న సంఖ్య తప్పక వేయాలి. లెక్క చివరికి తేలకపోయినా సూత్రం, పటం, చేసినంతవరకు అంచెలు రాయాలి, వాటికీ మార్కులుంటాయి. అడిషనల్ షీట్లు తీసుకుంటే వరుస తప్పకుండా కట్టాలి.

బిట్ల పరీక్షల్లో నియమం మారుతుంది. వనపర్తి రాజభవనంలో నడిచే ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి కళాశాలల్లో సీటుకు రాసే పాలిసెట్‌లో 120 ప్రశ్నలు, 150 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. వైద్యవిద్య ప్రవేశానికి రాసే నీట్‌లో ఒప్పుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు 1 పోతుంది. అక్కడ కనీసం రెండు ఆప్షన్లు తప్పని తేల్చుకోగలిగితే గుర్తించడం లాభం. ఓఎంఆర్ షీటులో వృత్తాలు నింపడం చివరి ఐదు నిమిషాలకు వదిలిపెట్టకూడదు.

ఇంటర్ పరీక్షల్లో చాలాకాలం నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని నిబంధన ఉండేది. 2024లో 5 నిమిషాల సడలింపు ఇచ్చారు. పల్లె నుంచి బస్సులో వచ్చే విద్యార్థి ముందురోజే కేంద్రాన్ని చూసుకుని, అరగంట ముందు చేరేలా బయల్దేరాలి.

గాబరాను అణచే పద్ధతులు

పేపరు చూడగానే మెదడు ఖాళీ అయినట్టనిపిస్తే పెన్ను కింద పెట్టి, ముక్కుతో నాలుగంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. ఐదారుసార్లు ఇలా చేస్తే దడ తగ్గుతుంది. దీనికి పట్టేది ఒక్క నిమిషం. గదిలో మొదటిసారి ప్రయత్నిస్తే కుదరదు. స్లిప్ టెస్టులప్పటి నుంచే అలవాటు కావాలి.

పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న ఆందోళనపరులైన విద్యార్థులు మెరుగ్గా రాశారని పరిశోధకులు రమిరెజ్, బైలాక్ 2011లో ‘సైన్స్’ పత్రికలో వెల్లడించారు. రాత్రంతా మేలుకొని చదవడం మాత్రం ఎదురుతన్నుతుంది: చదివింది మెదడులో స్థిరపడేది ఎక్కువగా నిద్రలోనే.

ఇంటి సాయం

చదువు రాని తల్లిదండ్రులు కూడా పెద్ద సాయం చేయగలరు. పరీక్షల నెలలో పిల్లలకు పొలం పని, మగ్గం పని, తమ్ముళ్లను, చెల్లెళ్లను సాకే పని తప్పించాలి. వేళకు అన్నం పెట్టాలి. పక్కింటి పిల్లల మార్కులతో పోల్చకూడదు. వలసలో ఉన్నవారు పరీక్షకు ముందురోజు ఫోన్ చేసి ‘ఎన్ని వస్తాయి?’ అని కాకుండా ‘తిన్నావా, పడుకున్నావా?’ అని అడగాలి.

ఫలితాల తర్వాత

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. రాష్ట్రంలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైనవారందరి జవాబుపత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. మార్కుల మెమో ఒక కాగితం. అందులోనూ తప్పులుంటాయి, వాటిని సరిదిద్దే దారులూ ఉంటాయి. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. కొన్ని వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉన్నాయి. ఈ సంగతి ఫలితాలు వచ్చాక కాదు, పరీక్షలకు ముందే ప్రతి తరగతి గదిలో చెప్పాలి.

నిద్ర, తిండి తగ్గిపోయి, బతకాలనిపించడం లేదని పిల్లలు అంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వారిని ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ-మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల కోసం 1098 కూడా ఉంది. ఈ రెండు నంబర్లను ప్రతి బడి గోడ మీద, ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.