డ్యూయెట్ (మొక్కల క్రోమాటిన్ ప్రోటీన్)

ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొక్కలో పుప్పొడి మాతృకణాల క్షయకరణ విభజనను నడిపించే క్రోమాటిన్ ప్రోటీన్. దీన్ని హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో ఇమ్రాన్ సిద్దిఖీ బృందం 2003లో వివరించింది. అదే ఏడాది అమెరికాలో హాంగ్ మా బృందం ఇదే జన్యువును ఎంఎండీ1 పేరుతో ప్రకటించింది. నేటికీ రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి.

లోప లక్షణాలు: జన్యువు దెబ్బతిన్న మొక్కలో పుప్పొడి పనికిరాదు, అండాలకు మాత్రం లోటు ఉండదు. పుప్పొడి చెడే తీరుపై తొలి వర్ణనలు పూర్తిగా కలవవు. అమెరికా బృందం మాతృకణాల మరణానికి ప్రాధాన్యమిచ్చింది. హైదరాబాదు బృందం విభజన మందగించడాన్నీ, మొదటి మధ్యస్థదశలో నిలిచిపోవడాన్నీ, చతుష్కాలకు బదులు రెండేసి కణాలు ఏర్పడటాన్నీ గుర్తించింది. పరిశీలించిన ఉత్పరివర్తకాలు వేరు కావడం ఇందుకు కొంత కారణం కావచ్చు. విభజన క్రమం తప్పడమే మూలమనీ, కణమరణం దాని పర్యవసానమనీ అనుకోవడానికే తర్వాతి ఫలితాలు ఎక్కువ అనుకూలిస్తాయి.

పనితీరు: ఈ ప్రోటీన్‌లోని పీహెచ్‌డీ ఫింగర్ అనే భాగం, హెచ్3 హిస్టోన్ నాలుగో లైసీన్‌పై రెండు మిథైల్ గుర్తులున్న చోటికి అతుక్కుంటుంది. విభజన సకాలంలో ముగియడానికి అవసరమైన టీడీఎం1 జన్యువు పనిచేయాలంటే డ్యూయెట్ ఉండాలని సిద్దిఖీ బృందం 2015లో చూపింది. క్రోమోజోములు దగ్గరగా ముడుచుకోవడానికి తోడ్పడే క్యాప్-డీ3 జన్యువునూ ఇది నేరుగా నియంత్రిస్తుందని 2016లో మరో బృందం తెలిపింది.

సంబంధిత పరిశోధనలు: సీసీఎంబీలోనే 2000లో వర్ణించిన డయాడ్ జన్యువు (స్విచ్1 అనీ అంటారు) స్త్రీ క్షయకరణ విభజనకు అవసరం. అది చెడిన మొక్కల్లో క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గని అండాలు కొన్ని ఏర్పడతాయని 2008లో 'నేచర్' ప్రచురించింది. సిద్దిఖీ బృందంలోని ఎం.రవి తర్వాత సైమన్ చాన్‌తో కలిసి, సెంట్రోమియర్ హిస్టోన్ సెన్‌హెచ్3ను మార్చి ఏకస్థితిక మొక్కలను పొందారు (2010). ఈ రెండు దారులనూ కలిపి, తల్లి జన్యుసంపుటిని అలాగే మోసే విత్తనాలను 2011లో సాధించారు.

వ్యవసాయ ప్రాధాన్యం: సంకర వరి రైతు ప్రతి పంటకూ విత్తనం కొనాల్సిందే, నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449) వంటి శుద్ధ వంగడాలకు ఆ అవసరం లేదు. సంకర వరికీ ఆ అవసరం తప్పించే దిశగా, వి.సుందరేశన్ బృందం 2019లో వరిలోనూ తల్లిని పోలిన విత్తనాలు సాధ్యమని నిరూపించింది. అందులో మార్చినవి వేరే జన్యువులు కాబట్టి దాన్ని డ్యూయెట్, డయాడ్‌ల నేరు ఫలితంగా లెక్కించడం సరికాదు.