డంబో తీస్తున్నప్పుడు డిస్నీ గేటు బయట ఏం జరిగింది?

ఈ ఎపిసోడ్‌లో 1941 నాటి 'డంబో' గురించి మాట్లాడుకుందాం. కథ మీలో చాలామందికి తెలుసు. చేటంత చెవులతో పుట్టిన సర్కస్ ఏనుగుపిల్ల. తోటి ఏనుగులే దాన్ని వెలివేస్తాయి. పిల్లను ఏడిపించినవాళ్ల మీద తల్లి తిరగబడితే, పిచ్చెక్కిందని బోనులో పెడతారు. తల్లి పెట్టిన పేరు జంబో జూనియర్. డంబో అన్నది వెక్కిరింపు. సినిమా మొత్తంలో ఆ పిల్ల ఒక్క మాట కూడా మాట్లాడదు, గమనించారా?

అంతకు ముందు ఏడాది వచ్చిన 'పినోకియో', 'ఫాంటేసియా' రెండూ నష్టపోయాయి. యుద్ధంతో యూరప్ మార్కెట్ మూసుకుపోయింది. అందుకే డంబోని తక్కువ ఖర్చులో లాగించారు. 64 నిమిషాలు, సింపుల్ వాటర్ కలర్ బ్యాక్‌గ్రౌండ్లు. నన్నడిగితే ఆ పొదుపే సినిమాకి ప్లస్ అయింది, ఎక్కడా సాగదీత లేదు.

ఇంకా పని నడుస్తుండగానే, 1941 మే 29న డిస్నీ ఆర్టిస్టులు సమ్మెకు దిగారు. జీతాల్లో పొంతన లేదు, చాలామందికి తెరమీద పేరు కూడా పడేది కాదు. యూనియన్ వైపు నిలబడ్డ టాప్ యానిమేటర్ ఆర్ట్ బాబిట్‌ని తీసేయడంతో మంట రాజుకుంది. గూఫీకి ఒక క్యారెక్టర్ తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఆయన!

ఇప్పుడు క్లౌన్ల సీన్ మళ్లీ చూడండి. షో అయ్యాక టెంట్‌లో తాగుతూ, బాస్ దగ్గరికెళ్లి జీతం పెంచమందాం అని పాడతారు. అది సమ్మె చేసినవాళ్ల మీద సెటైరేనని యానిమేషన్ చరిత్ర రాసినవాళ్లు చాలామంది అంటారు. అప్రైజల్ మీటింగ్‌లో కూర్చున్న ఎవరికైనా ఆ జోక్ కొంచెం గుచ్చుకుంటుంది.

వెక్కిరింపు అక్కడితో ఆగలేదు. డంబోకి ధైర్యమిచ్చే కాకులున్నాయి కదా, వాటి యాస, నడక అన్నీ నల్లజాతివాళ్ల మీద కార్టూనే. వాటి లీడర్‌కి గొంతిచ్చింది క్లిఫ్ ఎడ్వర్డ్స్ అనే తెల్లాయన. చెవుల్ని చూసి నవ్వొద్దని చెప్పే సినిమాలో ఇది!

ఇక నాకు బాగా ఇష్టమైన సీన్. బోను ఊచల్లోంచి తల్లి తొండం చాచి పిల్లను ఊయలూపుతుంది. దాని వెనక ఉన్న యానిమేటర్ బిల్ టైట్లా. ఇంట్లో తన చిన్న కొడుకుని చూసి డంబో చేష్టలు పట్టుకున్నాడు. స్టూడియోలో మంచి జీతం ఆయనది. అయినా స్నేహితుడు బాబిట్ కోసం సమ్మెలోకి వెళ్లాడు.

చివరికి స్టూడియో యూనియన్‌ని ఒప్పుకోక తప్పలేదు. అక్టోబర్‌లో డంబో రిలీజై లాభాలు తెచ్చింది. టైట్లా తిరిగొచ్చాడు గానీ, ఎక్కువ కాలం ఇమడలేకపోయాడు. 1943లో డిస్నీ వదిలేశాడు.