శిమిలిగుడ స్టేషను

కోటలకును, కోవెలలకును చరిత్ర గలదని మన మెల్లర మెఱుంగుదుము. కొండనడుమ నున్న చిన్న రైల్వేస్టేషనునకు చరిత్ర యుండునా యని మీరడుగవచ్చును. ఉండును. అరకులోయ చెంతనున్న శిమిలిగుడయే యందులకు నిదర్శనము.

1960వ సంవత్సరమున మన ప్రభుత్వమును, జపాను ఉక్కు కర్మాగారములవారును ఒక యొడంబడిక చేసికొనిరి. బస్తరు సీమయందలి బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖపట్టణపు రేవునుండి జపానునకు పంపుట దాని తాత్పర్యము. నడుమ తూర్పుకనుమ లడ్డము. వానిని దొలిచి, కొత్తవలస మొదలు కిరందుల్ వఱకు రమారమి 446 కిలోమీటర్ల దారి వేసిరి. అందు సొరంగములు 58. ఆ దశకము ముగియకమున్నే ఇనుపరాతిబండ్లు నడచినవి.

బొడ్డవర దాటినది మొదలు దారి కొండ నెక్కును. అరువది అడుగులు సాగినచో ఒక్క అడుగు పైకి లేచును. ఇట్లు లేచి లేచి శిమిలిగుడవద్ద సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తు చేరును. రేవునుండి యెక్కునవి వట్టిబండ్లు. రేవునకు దిగునవి బరువుబండ్లు. కావున నిచ్చట లాగుటకంటె నాపుటయే గొప్ప విద్య. ఘాటీదారిని ధాన్యపుబండి దింపిన మీకిది క్రొత్తగాదు.

బ్రాడ్‌గేజి దారులలో దేశమందెల్ల మిక్కిలి యెత్తున నున్న స్టేషనని దీనికి చాలకాలము ప్రసిద్ధి. 2008లో కాశ్మీరలోయయందు రైలు నడచుటతో ఆ కీర్తి తొలగెను.

నే నా కొండలలో నుపాధ్యాయుడనై యున్న దినములలో, పాసింజరుబండికై యిచ్చట పలుమాఱు నిరీక్షించితిని. ఒకనాడు అడ్డాకుల కట్టతో వచ్చిన కొండదొర వృద్ధుడొకడు నాతో నిట్లనెను: “మేష్టరుబాబూ, ఈ రైలు రాళ్లకోసం వచ్చింది. మేము తర్వాత ఎక్కినాము. బోర్డుమీద కొండ ఎత్తు రాసినారు. సొరంగంలో మట్టి మోసినోళ్ల పేర్లు రాయలేదు.” తాను మోసినవాడే. తన కుమారు డిపుడా బండినెక్కి పట్టణమునకు చదువుకొనబోవుచున్నాడని సంతోషముతో జెప్పెను.

నేను తలవంచుకొంటిని. ఏండ్లతరబడి రాజుల పట్టాభిషేక సంవత్సరములను వల్లెవేయించితిని గాని, నా తరగతిలోని బాలుర తండ్రులే కొండను దొలిచిరని యొక్కనాడును జెప్పనైతిని. అది నా లోపము.

పెద్దలారా! మీ యూరి చెఱువుగట్టునకు, బాటకు, స్టేషనునకు మట్టి మోసినవారి పేర్లు మీకు తెలియును. అవి మీతోడనే పోకుండ మనుమలకు జెప్పుడు, వారిచే వ్రాయింపుడు.